కింది హద్దు లేని కాగితం

మా నాన్న కొలెస్ట్రాల్‌ని రెండు వందల డెబ్బై రెండు నుంచి నూట పద్దెనిమిదికి దించింది నేనేనని ఒకప్పుడు మార్టూరులో తెలియనివాళ్లు లేరు. అందరికీ ఆయనే చెప్పాడు. బస్టాండు దగ్గర టీ తాగేవాళ్లకు చెప్పాడు, గ్రానైటు లారీల డ్రైవర్లకు చెప్పాడు, పెళ్లి వంట మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లకు మాంసం ఎన్ని కిలోలు కావాలో చెప్పేముందు ఇది చెప్పాడు. నేనూ ఆపలేదు. ఎందుకు ఆపుతాను, వినడానికి బాగుండేది. ఆయన పోయి నాలుగేళ్లయింది. ఈ మాటలు రాస్తుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

నాన్న పేరు హయాత్. వంట మేస్త్రి. మా వాళ్ల నిఖా విందులకైనా, రైతుల ఇళ్లలో పెళ్లి మర్నాటి మాంసం భోజనాలకైనా అద్దంకి దాకా ఆయననే పిలిచేవారు. బిర్యానీ గుండిగ మూత తీసి, పైన తేలిన నెయ్యిని గరిటె అంచుతో తీసుకుని నాలిక మీద వేసుకుని, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగేవాడు. ఆ క్షణంలో పెళ్లి పెద్దలు కూడా నోరెత్తేవాళ్లు కాదు. ఆయన కళ్లు తెరిచి "వడ్డించండి" అంటేనే వడ్డన.

నేను సమీరాని. మా అమ్మానాన్నలకు ఒక్కతే కూతుర్ని. ఒంగోలులో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి, మా ఊరి బస్టాండు పక్కన కోటేష్ గారి ల్యాబులో చేరాను. నాన్న చదువుకోలేదు. నేను తెల్లకోటు వేసుకుని సూది పట్టుకుంటే ఆయనకు నేను డాక్టరు కిందే లెక్క. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినేవాడు కాదు. నిజం చెప్పాలంటే నేను కూడా గట్టిగా చెప్పలేదు.

రెండువేల రెండులో అద్దంకి దగ్గర ఒక పెళ్లిలో గుండిగ దించుతుంటే ఆయనకు గుండెల్లో పట్టేసింది. ఒంగోలు తీసుకెళ్లాం. ప్రమాదం తప్పింది కానీ కొలెస్ట్రాల్ రెండు వందల డెబ్బై రెండు ఉందని, మాత్ర రాసిచ్చి, నెయ్యి, మాంసం, గుడ్డు పచ్చసొన మానమన్నారు. అంతే, ఇంట్లో నా రాజ్యం మొదలైంది.

నాకు కోపం ఎక్కువ. ప్రేమ ఉన్నచోట ఇంకా ఎక్కువ. వంటింట్లో నెయ్యి డబ్బా తీసి పక్కింటికి ఇచ్చేశాను. మా అమ్మ సైదాబీ చేతిలో నూనె చెంచా లాక్కుని కొలిచి ఇచ్చేదాన్ని. "మీ నాన్న ఏం పాపం చేశాడే, చప్పిడి కూడు పెడుతున్నావు" అని అమ్మ గొణిగితే, "నీకు మొగుడు కావాలా, నెయ్యి కావాలా?" అని అరిచేదాన్ని. మేస్త్రినే రుచి చూడొద్దన్నాను. అది మాత్రం ఎవరూ నమ్మలేకపోయారు. ఆయన నమ్మాడు, చేశాడు కూడా. మూత తీసి, ఆవిరిని ముక్కుతో పీల్చి, ఉప్పు సరిపోయిందో లేదో పెళ్లివాళ్లలో ఎవరినో ఒకరిని చూడమనేవాడు. "అదేంది మేస్త్రీ, నువ్వు చూడవా?" అంటే, "మా అమ్మాయి వద్దంది" అనేవాడు. సిగ్గుపడుతూ కాదు, గొప్పగా.

నాలుగు నెలలకోసారి పరగడుపున ల్యాబుకి వచ్చి చొక్కా చెయ్యి మడిచి కూర్చునేవాడు. నేనే రక్తం తీసేదాన్ని, నేనే పరీక్ష చేసేదాన్ని. గడ్డకట్టిన రక్తం పైన తేలే సీరంలో పరీక్ష మందు కలిపి పది నిమిషాలు వేడినీళ్ల తొట్టిలో ఉంచితే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే కొలెస్ట్రాల్ అంత ఎక్కువన్నమాట. నాన్న గొట్టం మొదటిసారి మందార రంగులో ఉంది. తర్వాత ప్రతిసారీ వెలిసిపోతూ వచ్చింది. రెండు వందల ముప్పై ఒకటి. నూట తొంభై ఆరు. నూట అరవై నాలుగు.

నూట అరవై నాలుగు వచ్చిన రోజున ఆయన నా దగ్గర నిజం ఒప్పుకున్నాడు. "కోప్పడబాకు తల్లీ. ఆ మాత్ర నాలుగు నెలలుగా వేసుకోవట్లా. కాళ్లు లాగుతున్నాయి." నేను కోప్పడలేదు. ఎగిరి గంతేశాను. మాత్ర లేకుండానే తగ్గిందంటే ఇక అంతా నా తిండి మహిమే కదా! ఇప్పుడు ఆలోచిస్తే, సరిగ్గా ఆ నిమిషంలోనే ఎవరైనా నా చెవి మెలిపెట్టి అడగాల్సింది, మాత్ర ఆపేస్తే పెరగాల్సింది ఎందుకు తగ్గిందే అని. ఎవరూ అడగలేదు. కోటేష్ గారు భుజం తట్టారు.

మా ల్యాబు రిపోర్టు కాగితం మీద కొలెస్ట్రాల్‌కి ఎదురుగా "200 వరకు" అని అచ్చువేసి ఉండేది. పైహద్దు ఒక్కటే. అది దాటితే ఎర్రపెన్నుతో కింద గీత గీయాలి. గీత లేకపోతే సంతోషంగా ఇంటికి వెళ్లొచ్చు. రక్తం శాతానికి కింది హద్దు ఉంది, షుగరుకి ఉంది, దీనికి లేదు. ఎంత తగ్గితే అంత మంచిదని మేమంతా నమ్మాం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వేలమంది కాగితాలు రాశాను. తక్కువున్న కొలెస్ట్రాల్ కింద ఒక్కసారి కూడా ఎర్రగీత గీయలేదు.

తర్వాత నూట ముప్పై తొమ్మిది వచ్చింది. రెండువేల నాలుగు జనవరిలో, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో, నూట పద్దెనిమిది వచ్చింది. గొట్టంలో రంగు ఉందా లేదా అన్నట్టుంది. కోటేష్ గారు ఆ రిపోర్టుని జిరాక్సు తీయించి ల్యాబు గోడకు అంటించారు. రెండు వందల అరవై ఉన్న యలమందయ్య గారనే మిరప రైతు దాన్ని చూసి, "ఏమయ్యా హయాతూ, ఎట్టా దించావు?" అని అడిగితే, నాన్న వదులైపోయిన చొక్కాని రెండు చేతులతో పట్టుకుని చూపించి, "నేనేం చేశాను, అంతా మా అమ్మాయే. కోడలు పిల్లకి చెప్పి నువ్వూ కడుపు మాడ్చుకో" అని నవ్వాడు.

ఆ చొక్కా ఎందుకంత వదులైందో నేను అడగలేదు. నడిస్తే ఆయాసం వస్తోందంటే వయసన్నాను. కొలెస్ట్రాల్ తప్ప ఇంకో పరీక్ష చేయలేదు. రక్తం శాతం చూడాలంటే ఒక్క చుక్క చాలు, రెండు నిమిషాల పని. ఆ గొట్టం నా చేతిలోనే ఉండేది. నాకు కావాల్సిన నెంబరు వచ్చాక మిగతా రక్తం సింకులో పారబోసేదాన్ని.

మార్చిలో ఒక పెళ్లి వంట దగ్గర ఆయన పొయ్యి పక్కన కూలబడిపోయాడు. తీసుకొస్తే కోటేష్ గారు కనురెప్ప కిందికి లాగి చూసి, "ముందు శాతం చూడమ్మా" అన్నారు. ఆరు పాయింట్ ఒకటి. పన్నెండు దాటి ఉండాల్సింది ఆరు. మళ్లీ చేశాను. మళ్లీ ఆరే.

గుంటూరు తీసుకెళ్లాం. రక్తం ఎక్కించి, పేగులోకి గొట్టం వేసి చూసి, స్కానింగు తీశారు. పెద్దపేగులో కుడివైపు గడ్డ. లివరు మీద నాలుగైదు మచ్చలు. క్యాన్సర్. డాక్టరమ్మ బిందుమాధవి గారు నన్నొక్కదాన్నే గదిలోకి పిలిచి చెప్పారు. ఆవిడకు నలభై ఏళ్లుంటాయేమో. గొంతు పెంచకుండా మాట్లాడతారు.

"ఆయనకి ఇంతకుముందు గుండె ఇబ్బంది ఉందన్నారు కదా. కొలెస్ట్రాల్ చూపిస్తున్నారా?" అని అడిగారు.

నేను సంచిలోంచి ఫైలు తీశాను. ఆరు కాగితాలు, తారీఖుల వరసన. ఇంత దుఃఖంలోనూ ఆ ఫైలు ఇచ్చేటప్పుడు నా చేతిలో కాస్త గర్వం ఉంది. ఆవిడ వాటిని బల్ల మీద పక్కపక్కనే పరిచారు.

"మాత్ర ఎప్పుడు మానేశారు?"

చెప్పాను.

"మానేశాక కూడా తగ్గుతూనే ఉందా?"

"తగ్గిందండీ. తిండి నేనే చూసుకునేదాన్ని."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, నెమ్మదిగా చెప్పారు. "గడ్డలో రోజూ కొత్త కణాలు పుడుతుంటాయమ్మా. ప్రతి కణం చుట్టూ ఒక పొర ఉండాలి. ఆ పొర కట్టుకోవడానికి కొలెస్ట్రాల్ కావాలి. అందుకని అది రక్తంలో ఉన్నదాన్ని లాక్కుంటుంది. లివరుకి పాకితే అక్కడ తయారయ్యేదీ తగ్గుతుంది. మనిషి చిక్కిపోతుంటే ఇంకా తగ్గుతుంది. అలాగని తక్కువున్న వాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుందని కాదు. తిండితో, మాత్రతో తగ్గేవాళ్లే ఎక్కువ. కానీ కారణం లేకుండా ఇలా జారిపోతుంటే మాత్రం, ఎందుకని అడగాలి."

"ఎవరడగాలండీ?"

"డాక్టరు అడగాలి. ఈ ఏడాదిలో ఆయన్ని ఏ డాక్టరు చూశారు?"

ఎవరూ చూడలేదు. ఒంగోలు డాక్టరు గారు ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. నెంబరు బాగుందిగా, ఛార్జీలు దండగ, ఎండలో ప్రయాణం దేనికని నేనే ఆపేశాను. బిందుమాధవి గారు నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

నాన్నకు క్యాన్సరని చెప్పలేదు. మా వైపు ఎవరూ చెప్పరు. పేగులో పుండుందని, కోసి తీసేస్తారని, తర్వాత ఎండిపోవడానికి ఇంజెక్షన్లు ఇస్తారని చెప్పాం. ఆయన సరేనన్నాడు. ఆపరేషన్ అయింది. రెండుసార్లు మందు ఎక్కించారు. డెబ్బై ఒక్క కిలోల మనిషి నలభై నాలుగుకి వచ్చాడు. నోట్లో పుళ్లు, వాంతులు. మూడోసారికి వెళితే డాక్టరమ్మ బరువు చూసి వెనక్కి పంపించారు.

"ఈ ఒంటికి మందు ఇస్తే జబ్బు కంటే ముందు మందే చంపుతుంది. ఆయన తినాలి. నెయ్యి, గుడ్లు, మాంసం, పాలు, ఏది లోపలికి పోతే అది పెట్టండి. రెండు కిలోలైనా పెరిగితే మూడోది ఇస్తాను. లేదంటే ఇక ఇవ్వలేను." ఇంకో మాట కూడా అన్నారు. "కొలెస్ట్రాల్ కూడా చూస్తూ ఉండు. అదొక్కటే చాలదు కానీ, అది కాస్త పైకి వస్తే మనకి మంచి గుర్తే."

ఇంటికొచ్చి, ఒకప్పుడు నెయ్యి డబ్బా ఇచ్చేసిన ఆ పక్కింటి నుంచే కాస్త నెయ్యి అడిగి తెచ్చుకున్నాం. అమ్మ మెత్తగా ఉడికించిన అన్నంలో నెయ్యి వేసి, గుడ్డు చిదిపి, పళ్లెంలో పెట్టుకొచ్చింది. నాన్న పళ్లెం వాసన చూశాడు. పక్కకి నెట్టేశాడు.

"ఏందిది సైదా? పచ్చసొన కూడా వేశావా? రెండేళ్లు పిల్ల నానా తిప్పలు పడి దించితే, నాలుగు రోజుల్లో తగలేస్తావా?"

"డాక్టరమ్మే తినమంది" అంది అమ్మ.

"ఆమె పుండుకి డాక్టరు. గుండెకి కాదు. నా గుండె సంగతి సమీరాకి తెలుసు."

అమ్మ నా వంక చూసింది. నేను ఎంత బతిమాలినా, ఎంత అరిచినా ఆయన నోరు తెరవలేదు. గంజి తాగుతానన్నాడు. మజ్జిగ తాగుతానన్నాడు. నెయ్యి మాత్రం ముట్టనన్నాడు. మూడు రోజులు అలాగే గడిచాయి. నేను నేర్పిన క్రమశిక్షణ అది. దాన్ని విరగ్గొట్టడం నా వల్లే కాలేదు. నాలుగో రోజు బరువు చూస్తే నలభై మూడున్నర.

ఆ మధ్యాహ్నం అమ్మని బయటికి పంపించి, ఆయన మంచం పక్కన కింద కూర్చున్నాను. దాచిపెట్టి ఆయన్ని చంపుకోవడం కంటే చెప్పేయడమే నయమనిపించింది.

"నాన్నా, అది పుండు కాదు. క్యాన్సరు."

ఆయన పైకప్పు రేకుల వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత "ఊఁ" అన్నాడు.

"నీ కొలెస్ట్రాల్ తగ్గింది నా తిండి వల్ల కాదు నాన్నా. మొదట తగ్గింది మాత్ర వల్ల. తర్వాతదంతా ఆ గడ్డే తాగేసింది. తగ్గినప్పుడల్లా అది పెరుగుతోందని అర్థం. నాకు తెలియలేదు. నా కళ్ల ముందే రంగు వెలిసిపోతుంటే పండగ చేసుకున్నాను. ఇప్పుడు నువ్వు నెయ్యి తినకపోతే డాక్టరమ్మ మందు ఇవ్వదు."

ఇక తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. చావుకి భయపడి నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. ఆయన మెల్లగా నా వైపు తిరిగాడు.

"అయితే ఆ నూట పద్దెనిమిది నువ్వు తెచ్చింది కాదా?"

"కాదు నాన్నా."

"అందరికీ చెప్పానే తల్లీ" అన్నాడు.

రోగం పేరు విన్నా చెమర్చని కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి. తన ప్రాణం గురించి కాదు. కూతురు సాధించిందని ఊరంతా చెప్పుకున్నది కూతురు సాధించింది కాదట, అందుకు. నేను ఆయన కాళ్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఎముకల మీద తల పెట్టినట్టు ఉంది. ఆయన నన్ను ఏడవనిచ్చాడు. కాసేపటికి నా నెత్తి మీద వేళ్లతో తట్టాడు.

"లే, లే. సరేలే. దించడం నీది కాదు. పెంచు మరి. పెంచడం నీదవుద్ది. ఆ పళ్లెం ఇట్టా తే."

ఆ పూట నాలుగు ముద్దలు తిన్నాడు. నోట్లో పుళ్ల మీద అన్నం తగిలినప్పుడల్లా మంచం పట్టెని పట్టుకునేవాడు. గుడ్డు మంట పుడుతోందంటే అమ్మ పాలల్లో కలిపింది. మేకకాళ్ల పులుసు కాచి, గుడ్డలో వడగట్టి చెంచాతో పోసింది. సగం బయటికొచ్చేసేది. మళ్లీ పట్టమనేవాడు. నేను వారానికోసారి ఇంటి దగ్గరే రక్తం తీసి ల్యాబుకి పట్టుకెళ్లేదాన్ని. మొదటిసారి ఎనభై నాలుగు. చెప్పాను. "తక్కువే" అన్నాడు, పరీక్ష తప్పిన పిల్లాడిలా. రెండోసారి తొంభై మూడు.

ఆ తొంభై మూడు నిజం. రెండుసార్లు చేసి చూశాను. రెండేళ్లు తగ్గాలని మొక్కిన నెంబరు తొమ్మిది పెరిగినందుకు ల్యాబు వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుని అల్లా ముందు చేతులు చాచాను. ఇంటికి పరుగెత్తాను. నాన్న మంచంలో లేచి కూర్చుని, "వింటివా సైదా, తొమ్మిది పెంచింది పిల్ల" అన్నాడు. చూడ్డానికొచ్చిన యలమందయ్య గారికి చెప్పాడు. "నీది తగ్గించుకో. మాది పెంచుకోవాల. మా లెక్క వేరు." అందరూ నవ్వారు. ఆ పూట ఏడు ముద్దలు తిన్నాడు. మర్నాడు బరువు చూస్తే నలభై నాలుగు దాటింది.

మూడోవారం డెబ్బై ఆరు వచ్చింది.

గొట్టంలో నీళ్లు పోసినట్టుంది. మందు పాతదేమోనని కొత్త సీసా విప్పాను. అదే. ఇంటికి వెళ్లేదారిలో, పత్తి మూటలు దింపుతున్న లారీ పక్కన ఆగి, ఏం చెప్పాలా అని నిలబడ్డాను. ఇంటి గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఆయన గొంతు వినిపించింది. "ఎంత?"

ఆయన ముందు పళ్లెం ఉంది. అమ్మ ముద్ద కలిపి పట్టుకుని ఉంది. ఆయన నోరు తెరవాలా వద్దా అన్నది నా మాట మీద ఉంది.

"నూట ఎనిమిది" అన్నాను.

నేను రాసిన వేల కాగితాల్లో తప్పుడు నెంబరు ఒక్కటీ లేదు. డబ్బున్నవాళ్లు పెళ్లి సంబంధాల కోసం షుగరు తగ్గించి రాయమని బతిమాలినా రాయలేదు. ఆ రోజు మా నాన్నకి అబద్ధం చెప్పాను. ఆయన నోరు తెరిచాడు. అమ్మ ముద్ద పెట్టింది. తప్పు చేశానా అని ఆలోచించుకునే తీరిక కూడా లేదు, రెండో ముద్దకి నోరు తెరిచాడు.

నాలుగోవారం డెబ్బై. నూట ఇరవై ఒకటి అని చెప్పాను. ఆయన గొంతు సన్నబడిపోయింది, అయినా వచ్చినవాళ్లందరికీ నూట ఇరవై ఒకటి అని చెప్పడం మానలేదు. కళ్లు పచ్చబడటం నాకు కనిపిస్తోంది. కాళ్లకి నీరు పట్టి బరువు నలభై ఆరు చూపించింది. ఆయన దాన్ని కండ అనుకున్నాడు. "రెండు కిలోలు పెరిగానుగా, ఇక పోదాం పద. మందు ఎక్కిస్తుంది" అన్నాడు. నేను ఆపాలి. రెండేళ్లు ఒక నెంబరు చూపించి ఆయన్ని మోసం చేసిన నోటికి ఇప్పుడు నిజం రాలేదు.

గుంటూరులో వాళ్ల ల్యాబులో మళ్లీ రక్తం తీశారు. రిపోర్టు వచ్చాక నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్లాను. ఆవిడ ఆయన కళ్లు చూశారు, పాదం మీద బొటనవేలితో నొక్కి చూశారు. కాగితం చదివారు.

"నెంబరు చూడండమ్మా" అన్నాడు నాన్న. "నూట ఇరవై ఒకటికి తెచ్చింది మా అమ్మాయి. బరువు కూడా పెరిగాను. మూడోది ఇచ్చేయండి."

బిందుమాధవి గారు మళ్లీ కాగితం చూసి, "లేదండీ, అరవై ఆరు ఉంది" అన్నారు. అన్నాక నా ముఖం చూశారు. ఆవిడకి అర్థమైందని నాకు తెలిసింది. నాన్న నా వైపు తిరుగుతాడని, అడుగుతాడని ఎదురుచూశాను. అడిగితే చెప్పేద్దామనే అనుకున్నాను.

ఆయన నా వైపు తిరగలేదు. డాక్టరమ్మ వైపే కాస్త వంగి, ఆవిడ మనసు నొచ్చుకోకుండా చెప్పాలన్నట్టు గొంతు తగ్గించి అన్నాడు. "మీ మిషను ఒకసారి చూపించుకోండమ్మా. మా అమ్మాయి తప్పు రాయదు."

డాక్టరమ్మ తల వంచుకుని, "అలాగేనండీ" అన్నారు. బయటికొచ్చేటప్పుడు నన్ను ఆపి, ఇక మందు ఇవ్వలేనని, నొప్పికి మాత్రం రాసిస్తానని, ఇంటి దగ్గరే పెట్టుకోమని చెప్పారు. నా భుజం మీద చెయ్యి వేశారు.

జీపులో వస్తూ నాన్న నన్నే ఓదార్చాడు. "ఏడుస్తావేంది? వాళ్ల మిషను చెడితే నువ్వేం చేస్తావు? వారం పోయాక మళ్లీ పోదాం. ఈసారి వాళ్లకీ నూట ఇరవై దాటాల." చిలకలూరిపేట దాటాక కళ్లు మూసుకుని నా ఒళ్లో తల పెట్టుకున్నాడు. ఏమీ బరువు లేడు.

ఆ తర్వాత పన్నెండు రోజులే ఉన్నాడు. ఆ పన్నెండు రోజులూ తిన్నాడు. నిజం చెప్పేసి ఉంటే ఆ తిండి బాధ తప్పేది, నోరు మూసుకుని ప్రశాంతంగా పడుకునేవాడు. నాకు తెలుసు. ప్రతి పూటా చెప్పాలనుకున్నాను, ప్రతి పూటా ఆయన ముందే పళ్లెం అడిగేవాడు.

గుంటూరు నుంచి వచ్చిన ఆ సాయంత్రమే మొదలుపెట్టాడు. గోడకు ఆనుకుని కూర్చుని, అమ్మని కాదని నన్నే కలపమన్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడోది లోపలికి పోలేదు, తిన్నదంతా కక్కేశాడు. అమ్మ కొంగుతో మూతి తుడిచింది. నేను పళ్లెం తీసేయబోయాను.

"చాల్లే నాన్నా. రేపు తిందువుగాని."

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు, వేళ్లు మాత్రం వదల్లేదు.

"పెట్టు తల్లీ. తినకపోతే నీ నెంబరు అబద్ధం అయిపోద్ది."

నేను ఇంకో చెంచా నెయ్యి వేసి, ముద్ద కలిపి ఆయన నోటి దగ్గర పెట్టాను.